పసిపిల్లల కదలికల పరీక్ష: ఎవరు చూసినా ఒకే ఫలితం రావాలి

సంపాదకులు గారికి,

ఏడాదిలోపు పిల్లలు మెడ నిలిపారా, బోర్లా పడ్డారా, కూర్చున్నారా అని అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు నమోదు చేస్తున్నారు. పిల్లల ఆరోగ్య తనిఖీల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలూ చూస్తున్నాయి. మంచిదే. కానీ ఒకే బిడ్డను ఇద్దరు చూస్తే ఒకే ఫలితం వస్తోందా? దీన్ని కూడా క్రమం తప్పకుండా పరీక్షించాలన్నది పసిపిల్లలకు ఫిజియోథెరపీ చేసే మా విన్నపం.

కూర్చోవడమే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం తల నిలిపి, వీపు నిటారుగా పెట్టి, చేతులు ఆనించకుండా కనీసం 10 సెకన్లు కూర్చోవాలి. ఆరోగ్యవంతమైన పిల్లలకు ఇది 3.8 నుంచి 9.2 నెలల మధ్య వస్తుంది. "కూర్చుంటున్నాడా అమ్మా?" అని అడిగి రాసుకుంటే, చేతులు నేలకు ఆనించి కూర్చునే బిడ్డకూ "అవును" పడుతుంది. దోగాడటమంటే పొట్ట నేలకు తగలకుండా వరసగా మూడుసార్లు కదలాలి. పొట్టతో పాకే బిడ్డకు ఇక్కడ మార్కు రాదు. అలాగని దోగాడకుండానే నడిచే ఆరోగ్యవంతులూ ఉంటారు కాబట్టి ఆ ఒక్క అంశం చూసి తల్లిదండ్రులను భయపెట్టకూడదు.

శిక్షణ నివేదికల్లో "90 శాతం ఏకీభావం" అన్న మాటను తేలిగ్గా నమ్మకూడదు. ఇద్దరు కార్యకర్తలు బిడ్డలను చూడకుండానే, నూటికి 90 మందికి "బాగుంది", పదిమందికి "అనుమానం" అని రాసినా 82 శాతం కలుస్తుంది. యాదృచ్ఛికంగా కలిసే ఆ భాగాన్ని తీసేసి లెక్కించే కప్పా విలువనే అడగాలి. పసిపిల్లల కదలికలను కొలిచే అల్బెర్టా స్కేలు వంటి 58 అంశాల పరీక్షలోనూ ఇలాంటి చిక్కే ఉంది. అప్పుడే పుట్టినవాళ్ల నుంచి నడిచేవాళ్ల దాకా అందరినీ కలిపి లెక్కేస్తే వయసు తేడా వల్లే ఇద్దరు వేసిన మార్కుల పొందిక గొప్పగా కనిపిస్తుంది. ఆరు నెలల వాళ్లను విడిగా, తొమ్మిది నెలల వాళ్లను విడిగా లెక్కించాలి.

పరీక్ష సమయం కూడా ముఖ్యం. ఆకలితో ఏడుస్తున్నప్పుడు, నిద్రమత్తులో ఉన్నప్పుడు, పాలు తాగిన వెంటనే చూడొద్దు. మెత్తటి పరుపు మీద కాక గట్టి చాప మీద, బరువైన బట్టలు తీసి, తల్లి ఎదురుగా ఉండగా చూడాలి. మళ్లీ చూడాలనుకుంటే వారం లోపే చూడాలి. ఆలస్యమైతే బిడ్డే మారిపోతాడు, పరీక్షలో తప్పుందో లేదో తేలదు.

సెక్టార్ సమావేశాల్లో తల్లిదండ్రుల అనుమతితో తీసిన పది చిన్న వీడియోలు చూపించి, కార్యకర్తల చేత ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేయించాలి. ఎక్కడ తేడా వస్తే ఆ అంశానికే మళ్లీ శిక్షణ ఇవ్వాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్ల వరకు వయసు సవరించి లెక్కించాలి. గర్భం 32వ వారంలో, అంటే సుమారు రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డకు ఎనిమిది నెలలు వచ్చినా, సుమారు ఆరు నెలల బిడ్డగానే చూడాలి. బిడ్డ గర్భం ఎన్నో వారంలో పుట్టిందో తల్లీబిడ్డల కార్డు మొదటి పేజీలో స్పష్టంగా రాసే ఏర్పాటును రెండు రాష్ట్రాల శిశు సంక్షేమ శాఖలు వెంటనే చేయాలి.

— పిల్లల ఫిజియోథెరపిస్టులు, వరంగల్