భర్తను చూడటానికి వెళ్తున్నానని చెప్పడం తప్పా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక జిల్లా పేజీలో విజిటర్ వీసాల మీద వేసిన కథనం చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను కానీ పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి ఇన్ని రోజులు ఆలస్యమైంది. అందులో ఒక కన్సల్టెన్సీ నడిపే ఆయన సలహా అంటూ ఒక మాట అచ్చువేశారు. భర్తో, కాబోయే భర్తో అమెరికాలో ఉంటే ఆ సంగతి ఫారంలో ఎత్తకపోవడమే మంచిదట. ఊళ్ళు చూడటానికి వెళ్తున్నామంటే సరిపోతుందట. అబద్ధానికి చిట్కా అని పేరు పెట్టి, బాక్సు కట్టి వేశారు. పేపర్లో వచ్చిందంటే నిజమేనని నమ్మేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారండీ. ఆ కటింగు మా స్టాఫ్ రూములో ఇప్పటికే నలుగురి చేతులు మారింది.

ఇది నాకు విని తెలిసిన సంగతి కాదు. నేను గుంటూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన అమెరికాలోని డాలస్‌లో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నారు. పెళ్ళయి నాలుగేళ్ళయినా మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే ఏడు నెలలు కావు. పొద్దున్న తొమ్మిదింటికి ఇక్కడ ప్రేయర్ బెల్ కొట్టేసరికి అక్కడ ముందురోజు రాత్రి పదిన్నర. ఆ బెల్ లోపే మాట్లాడుకోవాలి. డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం, నేను వదలను. ఆయన ప్రాజెక్టు ఆయన వదల్లేరు. ఇది మేమిద్దరం కూర్చుని అనుకున్న మాట. అయినా కనిపించిన ప్రతివాళ్ళూ "మొగుడి దగ్గరికి టూరిస్టు వీసా మీద పోవడమేంటమ్మా, హెచ్-4 తీసుకోక" అంటారు. హెచ్-4 అంటే హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా. నాకున్నవి వేసవి సెలవులు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. ఆ ఏడు వారాలకి వెళ్ళి రావడానికి సరిపోయేది బీ-2 వీసా. విహారానికే కాదు, బంధువుల్ని, స్నేహితుల్ని చూడటానికి కూడా ఇచ్చే వీసా అది. అందులో దొంగతనం ఏమీ లేదు.

ఆయనే రావచ్చు కదా అంటారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినా అక్కడ ఉండి పనిచేసుకోవచ్చు. దేశం దాటితే మాత్రం తిరిగి వెళ్ళడానికి కొత్త స్టాంపు కావాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలిస్తామన్నారు. స్టాంపింగ్ కోసం అప్పటికే ఇంటికి వచ్చి ఉన్నవాళ్ళ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిపారు. పదిహేను రోజుల సెలవు మీద వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోయారు. ఈ టెన్షన్ తెలిసిన ఏ భార్యా నువ్వే రా అని పట్టుబట్టదు.

ఇక ఆ సలహా సంగతి. అచ్చం అదే సలహా నాకూ ఇచ్చారు. అరండల్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో, ఇరవై అయిదు వేలు అడిగి, "మేడమ్, భర్త ఇండియాలోనే ఉన్నట్టు పెడదాం, వాళ్ళేం చూడరు" అన్నారు. ఆ మాటతోనే లేచి వచ్చేశాను. ఆ ఫారం పేరు డీఎస్-160. ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటుంది, నింపడానికి పైసా ఖర్చు లేదు. కట్టాల్సింది వీసా ఫీజు 185 డాలర్లు, అది వీసా వచ్చినా రాకపోయినా తిరిగి రాదు. ఆ ఫారంలో పెళ్ళయిందా, భర్త పేరేంటి, ఎక్కడ ఉంటాడు అని అడుగుతారు. తల్లిదండ్రులు కాక మీ దగ్గరి బంధువులు ఎవరైనా అమెరికాలో ఉన్నారా అని విడిగా ఇంకో ప్రశ్న ఉంటుంది. ఆ దగ్గరి బంధువుల్లో భర్త, భార్య, పిల్లలు, తోబుట్టువులతో పాటు పెళ్ళి నిశ్చయమైనవాళ్ళనీ లెక్కేస్తారు. ఇంత సూటిగా అడిగిన చోట లేరని పెడితే అది చిట్కా ఎలా అవుతుంది?

మీ కథనంలో బొత్తిగా కనిపించని తేడా ఒకటుంది. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్. వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే వాళ్ళు ముందు అనుకుంటారు, కాదని చూపించుకోవాల్సింది మనం. చూపించలేకపోతే వీసా ఇవ్వరు. బాధే, కానీ పరిస్థితి మారాక మళ్ళీ అప్లై చేసుకోవచ్చు. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం వేరే సెక్షన్, 212. ముఖ్యమైన విషయం దాచి వీసా అడిగారని తేలితే జీవితాంతం ఆ దేశంలోకి రానివ్వకపోవచ్చు. రేపు హెచ్-4కి వెళ్ళినా, గ్రీన్ కార్డుకి వెళ్ళినా ఆ మచ్చ ముందే వచ్చి నిలబడుతుంది. ఈ రెండో సంగతి రాయకుండా మొదటిదాని భయంతో అబద్ధం నేర్పితే ఎన్ని కాపురాలు విడివిడిగా ఉండిపోతాయో ఆలోచించారా?

నా ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో. ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, మా పిన్ని చేతికిచ్చి వెళ్ళాను. చేతిలో లావుపాటి ఫైలు. నాన్నగారి పట్టాదారు పాసుపుస్తకం, ఆడిటర్ రాసిచ్చిన ఆస్తి లెక్క, జీతం స్లిప్పులు, పెళ్ళి సర్టిఫికెట్టు, ఫొటోలు. కిటికీ అవతల ఆవిడ ఎవర్ని చూడటానికి వెళ్తున్నావని అడిగారు. మా ఆయన్ని అన్నాను. హెచ్-4 ఎందుకు తీసుకోలేదన్నారు. ఉద్యోగం ఉంది, జూన్ 12న బడి తెరుస్తారు, ఆ రోజు నేను క్లాసులో ఉండాలి అన్నాను. ఎన్నేళ్ళ సర్వీసని అడిగి పాస్‌పోర్టు పక్కన పెట్టుకున్నారు. రెండు నిమిషాలు పట్టలేదు. ఫైలుకి కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

పదేళ్ళ వీసా ఇచ్చారు. పదేళ్ళంటే పదేళ్ళు ఉండొచ్చని అర్థం కాదు, ఇది కూడా మన వాళ్ళకి తెలియదు. ఎన్నాళ్ళు ఉండాలో దిగిన ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలల దాకా ఇస్తారు. ఆ తేదీ దాటి 180 రోజులకి పైన ఉండి బయటికి వస్తే మూడేళ్ళు, ఏడాదో అంతకు మించో ఉంటే పదేళ్ళు మళ్ళీ అడుగు పెట్టనివ్వరు.

పరాయి దేశం అధికారి రెండు నిమిషాల్లో నమ్మిన మాటను మా శాఖ మూడు నెలలైనా నమ్మలేదు. విదేశం వెళ్ళాలంటే మాకు పై అనుమతి కావాలి. హెడ్‌మాస్టరు గారు అడిగిన రోజే సంతకం పెట్టారు. పై ఆఫీసుకి వెళ్ళిన ఫైలు అక్కడే కూర్చుంది. వెళ్ళినప్పుడల్లా సీట్లో మనిషి ఉండరు. ఉన్న రోజు "ఆయన అక్కడుంటే నువ్వు మళ్ళీ తిరిగొస్తావని గ్యారంటీ ఏంటమ్మా?" అని పదిమందిలో అడిగారు. సెలవు పెట్టి వెళ్ళి తిరిగి రాని టీచర్లు ఉన్నారు, కాదనను. వాళ్ళ మీద చర్య తీసుకోండి. ఏడేళ్ళలో ఒక్కరోజు చెప్పకుండా మానని నన్ను అలా అడగడం ఏం పద్ధతి? ఆర్డరు కాపీ ప్రయాణానికి అయిదు రోజుల ముందు చేతికొచ్చింది. అంతదాకా టికెట్ కొనలేక, చివరికి పెరిగిన ధరకి కొన్నాం. ఎన్ని రోజుల్లో ఆ అనుమతి ఇవ్వాలో ఒక గడువు పెట్టి, ఫైలు ఎక్కడుందో ఫోన్లో చూసుకునే ఏర్పాటు చేయమని అడుగుతున్నాను. జీతం బిల్లులన్నీ ఆన్‌లైనే కదా, ఇదెందుకు కాదు?

ఇంకోటి. రాష్ట్రం విడిపోయింది 2014లో. ఉమ్మడి రాజధానిగా హైదరాబాద్ గడువు కూడా 2024 జూన్ 2తో అయిపోయింది. మనం మాత్రం వేలిముద్రలకి ఒక రోజు మాదాపూర్, ఇంటర్వ్యూకి ఇంకో రోజు నానక్‌రామ్‌గూడ. గుంటూరు నుంచి నేను రెండు రాత్రులు రైల్లో, రెండు రోజులు సెలవు. అమెరికా ప్రయాణం లేని వీధి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎక్కడుంది? కాన్సులేటు అడగడం లేదు. కనీసం వేలిముద్రలు, ఫొటో తీసుకునే కేంద్రం ఒకటి విజయవాడలో పెట్టించమని మన ఎంపీలు ఢిల్లీలో గట్టిగా అడగాలి.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ సలహా తప్పని, వేసిన పేజీలోనే, అదే సైజు బాక్సులో వేయండి. మా బడిలో సైన్సు చెప్పే అమ్మాయికి మాఘమాసంలో పెళ్ళయింది. అబ్బాయి అట్లాంటాలో ఉన్నాడు. మీ కటింగు చూపించి కన్సల్టెన్సీవాళ్ళు ఆమె ఫారంలో అవివాహిత అని పెట్టించారు. నిన్న సాయంత్రం బడి వదిలాక ఇద్దరం కంప్యూటర్ గదిలో కూర్చుని కొత్త ఫారం మొదటి నుంచి నింపాం. భర్త పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చేతులు వణికాయి. వచ్చే గురువారం ఆమె ఇంటర్వ్యూ.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు.