టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తగ్గిందని

సంపాదకులు గారికి,

అయ్యా,

మీ ఆదివారం ఆరోగ్య పేజీలో 'ఉప్పు మార్చండి, థైరాయిడ్‌ను తరిమేయండి' అన్న అరపేజీ వ్యాసం వచ్చి పది రోజులు దాటింది. సవరణ వేస్తారేమోనని చూశాం, వేయలేదు. ఈలోగా దాని ఫొటో నగరంలోని కాలనీ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. కొందరు థైరాయిడ్ మాత్రలు ఆపేశారు కూడా. అందుకే ఈ ఉత్తరం.

రెండో పేరాలోనే ఉంది అసలు తప్పు. 'టీఎస్‌హెచ్ 9 వచ్చిందంటే ఒంట్లో థైరాయిడ్ ఎక్కువైనట్టు' అని రాశారు. పూర్తిగా తలకిందులు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను. దాన్ని ఆ గ్రంథి తయారు చేయదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ దాన్ని విడుదల చేస్తుంది, ఆ పిట్యూటరీని మెదడులోని హైపోథాలమస్ అనే భాగం టీఆర్‌హెచ్ అనే మరో హార్మోను ద్వారా నడిపిస్తుంది. రక్తంలో థైరాయిడ్ గ్రంథి తయారు చేసే థైరాక్సిన్ హార్మోను, అంటే టీ4, తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. టీ4 సరిపడా ఉంటే దిగుతుంది. అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ వాచ్‌మన్‌కు ఫోన్లు పెరుగుతాయి. ఫోన్లు ఎక్కువొచ్చాయి కాబట్టి నీళ్లు ఎక్కువున్నాయని ఎవరైనా అంటారా? మీ వ్యాసం సరిగ్గా అదే అంది. టీ4 కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది కాబట్టే డాక్టర్లు ముందు దాన్ని చూస్తారు.

ఇది చదివి 'నాకు ఎక్కువైందట' అని మాత్ర మానేసే మనిషికి కావలసింది ఆ మాత్రే. మానేసిన వారంలో ఏమీ తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. రక్తంలో టీ4 సగానికి పడడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది. ఈలోపు 'ఆపేశాను, హాయిగా ఉన్నాను' అని గ్రూపులో పెట్టేస్తారు. కొన్ని వారాలకు చలి, మలబద్ధకం, ఉబ్బిన మొహం, నెమ్మదించిన నాడి ఒక్కొక్కటిగా బయటపడతాయి. టీ4 నుంచి తయారై కణాల్లో పనిచేసే టీ3 హార్మోను చాలకపోతే కణాల్లో శక్తిని ఖర్చుచేసే సోడియం–పొటాషియం పంపులు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా మందగించి ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాగేసుకునే ఎల్‌డీఎల్ గ్రాహకాలు కాలేయంలో తగ్గి కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కండరాల మాటకొస్తే, మడమ వెనక సుత్తితో తట్టినప్పుడు కదిలిన పాదం మళ్లీ వదులవడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంది. బరువు మాత్రం మీరు రాసినట్టు పదిహేను కిలోలు పెరగదు. చాలామందిలో కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. మిగతాది బిర్యానీ ఖాతాలో రాసుకోవాలి.

ఇక ఉప్పు. థైరాయిడ్ జబ్బుకు అయోడిన్ ఉప్పే కారణమన్నట్టు, దాన్ని మాని సైంధవ లవణం వాడమన్నారు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణికి 250. నిబంధన ప్రకారం దుకాణంలో దొరికే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే పది గ్రాముల ఉప్పులో 150 మైక్రోగ్రాములు, అందులోనూ కొంత పొయ్యి మీదే పోతుంది. అందుకే కూర దించేముందు ఉప్పు వేయమనీ, మూత బిగించిన డబ్బాలో పొయ్యికి దూరంగా పెట్టమనీ చెప్పేది. విడిగా కలిపితే తప్ప సైంధవంలో అయోడిన్ లెక్కలోకి రాదు. పైగా అదే వ్యాసంలో రోజూ సజ్జరొట్టె తినమన్నారు! సజ్జల్లోని ఫ్లేవనాయిడ్లు థైరాయిడ్ హార్మోన్ల తయారీకి కావలసిన థైరాయిడ్ పెరాక్సిడేజ్ ఎంజైముకు అడ్డుపడతాయి. అయోడిన్ అందేవాళ్లు అప్పుడప్పుడూ తింటే ఏమీ కాదు. అయోడిన్ లేని ఉప్పు, మూడు పూటలా సజ్జలు కలిస్తే మాత్రం గళగండానికి, అంటే గొంతు దగ్గర గ్రంథి వాపుకు, పీట వేసినట్టే. ఉడికించి తినే క్యాబేజీని అనవసరంగా నిందించారు, పాపం.

అయోడిన్ మరీ ఎక్కువైతే కొందరిలో గ్రంథి దెబ్బతింటుందన్నది నిజమే. కానీ ఆ భయం సముద్రపు నాచు మాత్రల విషయంలో పడాలి, పప్పులో వేసే ఉప్పు గురించి కాదు. మన నగరాల్లో కనిపించే హైపోథైరాయిడిజంలో, అంటే థైరాయిడ్ హార్మోను తక్కువ కావడంలో, చాలా భాగం హషిమోటో వ్యాధి, అంటే రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో దాన్ని 1912లో వర్ణించాడు. స్విట్జర్లాండ్‌లో అయోడిన్ ఉప్పు మొదలైంది 1922లో. మరి ఆ రోగులకు ఏ ఉప్పు వల్ల వచ్చినట్టు?

మాత్ర ఎలా వేసుకోవాలో అరపేజీలో ఒక్క వాక్యం లేదు. పరగడుపున, మంచినీళ్లతో, చాయ్–టిఫిన్‌లకు అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం. రెండూ కలిపి మింగితే థైరాక్సిన్ పేగుల్లోంచి సరిగా ఒంటికి అందదు, 'డోసు చాలట్లేదు' అని పెంచుకుంటూ పోతారు. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి, లేకపోతే ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే టీ4, ఎక్కువగా కనిపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ఆపకపోతే కొన్ని యంత్రాలు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా తప్పుగా చూపిస్తాయి. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా మళ్లీ పరీక్షకు పరుగెత్తడం డబ్బు దండగ. ఇంటికొచ్చి రక్తం తీసే ప్యాకేజీల కుర్రాళ్లలో ఎంతమంది ఇవి అడుగుతున్నారు? అడగమని వాళ్లకు చెప్పిన అధికారి ఎవరు?

అధికారుల మాట వచ్చింది కాబట్టి. 2024లో ఆహార భద్రత సిబ్బంది హోటళ్ల వంటగదులు తనిఖీ చేసి ఫొటోలు పెట్టారు, సంతోషం. ఉప్పులో అయోడిన్ ఉందో లేదో తెలియడానికి కిట్‌లోని ద్రావణం ఒక్క చుక్క చాలు, ఉంటే నీలంగా మారుతుంది. ఆ ఫొటోలు ఎప్పుడు పెడతారు? నవజాత శిశువుల సంగతి అంతకన్నా ముఖ్యం. మొదటి రోజు పిల్లలందరిలోనూ టీఎస్‌హెచ్ సహజంగానే ఎగసిపడుతుంది, కాబట్టి 48 నుంచి 72 గంటల మధ్య మడమ నుంచి చుక్క రక్తం తీసి చూడాలి. థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు రెండు వారాల్లోపు మందు మొదలవ్వాలి. ఆలస్యమైతే మెదడుకు జరిగే నష్టం తర్వాత పూడదు. మర్నాడే తల్లీబిడ్డలను ఇంటికి పంపేసే చోట్ల ఈ పరీక్ష ఎవరు చేస్తున్నారో మీ విలేకరి వెళ్లి అడిగితే, అదీ అరపేజీకి తగిన వార్త.

ఆ వ్యాసం కిందే 'నలభై రోజుల్లో థైరాయిడ్ మాయం' అని చూర్ణం ప్రకటన. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో గళగండం, ఊబకాయం, మధుమేహం ఉన్నాయి. వాటిని నయం చేస్తామంటూ ప్రకటన ఇవ్వడం నేరం. ఔషధ నియంత్రణ అధికారులు మీ పత్రిక చదవరేమో, మీ ప్రకటనల విభాగమైనా చదవాలి కదా.

ఒకప్పుడు ఆరోగ్య వ్యాసం కింద డాక్టరు పేరు, డిగ్రీ ఉండేవి. దీని కింద 'సోషల్ మీడియా సౌజన్యం' అని ఉంది. ఉప్పులో అయోడిన్‌తోపాటు ఐరన్ కూడా కలిపే పద్ధతిని రూపొందించిన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది తార్నాకలో. నిమ్స్‌లోనూ ఉస్మానియా ఆసుపత్రిలోనూ ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల వైద్య, విభాగాలున్నాయి. అచ్చుకు ముందు ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

సవరణ వేస్తే అదే ఆదివారం పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. వధూవరుల ప్రకటనల కింద రెండు లైన్లు ఇరికించి చేతులు దులుపుకోకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్