రోజూ ఏం పెట్టాలి అన్న టెన్షన్ వద్దు, ముందు నాలుగు శీర్షికలు పెట్టుకో

చిట్టితల్లీ,

"ఇవాళ ఏం పోస్ట్ చెయ్యాలో తోచట్లేదమ్మా" అని ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నావు. ఆ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటోంది. పొద్దంతా కుట్టు మిషన్ ముందు కూర్చుని నడుం పడిపోయేలా పనిచేసి, రాత్రి పడుకోబోయే ముందు ఏదో ఒకటి పెట్టేయాలని కంగారుపడటం ఎందుకు చెప్పు? ఫోన్‌లో చెబుదామంటే సగంలో ఎవరో ఒక కస్టమర్ వచ్చేస్తారు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నీ ఇన్‌స్టాగ్రామ్ పేజీని మొదటి పోస్ట్ నుంచీ కూర్చుని చూశాను. మోచేతి దగ్గర చిరిగిన స్వెటర్‌కి అతుకు వేసిన రీల్ ఎంత బాగుందో! కానీ దాని పక్కనే ఎవరిదో కొటేషన్, ఆ పక్కన గుడ్ మార్నింగ్, తర్వాత ట్రెండింగ్ పాటకి నువ్వు కత్తెర పట్టుకుని నవ్వుతున్న వీడియో, ఆ తర్వాత చాలా రోజులు ఏమీ లేదు, ఉన్నట్టుండి ఒకే రోజు వరసగా నాలుగు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ పేజీ చూస్తే నువ్వు పాత బట్టలకి మళ్లీ ప్రాణం పోసే మనిషివని వాళ్లకి ఎలా తెలుస్తుంది? పనితనం లేక కాదు, ఆ పనితనం ఓ వరసలో కనిపించక.

నేను వారపత్రికలో పనిచేసినన్నాళ్లూ మాకు ఖాళీ పేజీ అంటే భయం ఉండేది కాదు, ఎందుకంటే ఏ పేజీలో ఏ శీర్షిక, అంటే వారం వారం వచ్చే ఏ విభాగం, వస్తుందో ముందే ఖాయం. ఈ వారం ఆ శీర్షిక కింద ఏ సంగతి రాయాలన్నదే ప్రశ్న. పాఠకులు కూడా పత్రిక చేతికి రాగానే మొదటి పేజీ నుంచి చదవరు, తమకు అలవాటైన శీర్షిక ఎక్కడుందో అక్కడికి పోతారు. నీ పేజీకి కావలసింది కూడా అదే. సోషల్ మీడియాలో మీవాళ్లు వీటినే కంటెంట్ పిల్లర్స్ అంటారట, ఏ పేరైనా సరే. మూడో నాలుగో పెట్టుకో. రెండే ఉంటే చూసేవాళ్లకి విసుగు, ఏడెనిమిదైతే మళ్లీ గందరగోళమే.

అవి ఎక్కడ దొరుకుతాయి అంటావు కదా, నీ ఫోన్‌లోనే ఉన్నాయి. కస్టమర్లు నీకు పంపిన మెసేజులు, కామెంట్లు ఓసారి కిందికి జరుపుకుంటూ చదువు. జిప్పు మధ్యలో ఆగిపోయింది ఏం చెయ్యాలి, ఉతగ్గానే పొట్టిదైపోయింది ఎందుకు, కాలర్ దగ్గర పోగులు లేచాయి పారేయాలా, దీనికి ఎంత తీసుకుంటారు, అంత ఎందుకవుతుంది. ఇవన్నీ ఓ కాగితం మీద రాసి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి ఓ గుంపులో వెయ్యి. శీర్షికలు వాటంతటవే బయటపడతాయి. నాకైతే నాలుగు కనిపించాయి. ఇంట్లో ఎవరికి వాళ్లు చేసుకోగల చిన్న రిపేర్లు ఒకటి. బట్ట గురించిన సంగతులు ఒకటి: కాటన్ ఎందుకు కుంచించుకుపోతుంది, లోపలి లేబుల్ మీద గుర్తులకి అర్థమేంటి, నిలువు పోగుకీ అడ్డ పోగుకీ తేడా ఏంటి. మూడోది ఒక్కో బట్ట కథ, అది నీ దగ్గరికి ఎలా వచ్చింది, ఎలా వెళ్లింది. నాలుగోది నీ పని బల్ల, అంటే నువ్వు ధర ఎలా లెక్కేస్తావు, ఏ పని ఒప్పుకోవు, ఎందుకు ఒప్పుకోవు. ఈ నాలుగోది చాలామంది పెట్టరు, కానీ మనిషి మీద నమ్మకం కుదిరేది దాని దగ్గరే అని నా గట్టి అభిప్రాయం.

ఒక్కోదాన్నీ ఖాయం చేసేముందు ఓ పరీక్ష పెట్టు. ఆగకుండా దాని కింద ఇరవై విషయాలు రాయగలవా? పదికే పెన్ను ఆగిపోతే అది శీర్షిక కాదు, ఒకటి రెండు పోస్టులకి సరిపడే సంగతి అంతే, దాన్ని ఇంకో శీర్షికలో కలిపెయ్. ఇంకోటి, ఇంట్లో రిపేర్ చేసుకోవడం నేర్పిస్తే ఇక నా దగ్గరికి ఎవరొస్తారని నువ్వు భయపడుతున్నావని నాకు తెలుసు. 1900లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ కార్లు నడిపేవాళ్లకి ఓ చిన్న పుస్తకం ఉచితంగా పంచింది. అందులో టైరు ఎలా మార్చుకోవాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ బస చేయొచ్చు అన్నీ ఉన్నాయి. టైరు మార్చుకోవడం నేర్పినందుకు ఆ కంపెనీ మూతపడలేదు సరికదా, ఆ పుస్తకమే పెరిగి పెరిగి ఈ రోజు ప్రపంచంలో రెస్టారెంట్లకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ అయింది. అంతకు ఐదేళ్ల ముందే, 1895లో, అమెరికాలో నాగళ్లు అమ్మే జాన్ డీర్ కంపెనీ రైతుల కోసం ది ఫర్రో అనే పత్రిక మొదలుపెట్టింది, అది ఇప్పటికీ వస్తోంది. వీళ్లిద్దరూ మా సరుకు కొనండి అని రోజూ అరవలేదు, తమ సరుకు వాడేవాళ్ల బతుకులో ఏ ప్రశ్నలున్నాయో వాటి చుట్టూ రాశారు. గుండీ కుట్టుకోవడం నీ దగ్గర నేర్చుకున్న మనిషికి రేపు కోటు లైనింగ్ చిరిగితే గుర్తొచ్చేది నువ్వే.

ఇక ఒక పనిలోంచి ఎన్ని పోస్టులు వస్తాయో చూడు. కాలర్ తిరగెయ్యడం తీసుకుందాం. మడత దగ్గర అరిగి పోగులు లేచిన చొక్కా వచ్చింది. నువ్వు కాలర్ పట్టీ దగ్గర కుట్లు ఒక్కొక్కటే విప్పి, కాలర్ ఊడదీసి, అరిగిన వైపు కిందికి పోయేలా తిప్పి, మధ్య గుర్తులు కలిపి మళ్లీ అదే గీత మీద కుడతావు. ఆ కుట్లు విప్పేటప్పుడు దారం టప్ టప్ మని తెగే దగ్గరి షాట్ ఒక రీల్, దానికి పాట కూడా అక్కర్లేదు, ఆ చప్పుడే చాలు. ఏ అడుగు తర్వాత ఏ అడుగో ఆరేడు ఫొటోలు వరసగా పెడితే అది ఒక పోస్ట్, వాళ్లు దాచుకుని తర్వాత చూసుకుంటారు. కాలర్ అక్కడే ఎందుకు అరుగుతుంది, గడ్డం రాపిడి, చెమట, రోజూ ఒకే మడత మీద ఇస్త్రీ, ఇది బట్ట శీర్షిక కిందికి పోతుంది. కాలర్ పైబట్ట, కిందిబట్ట ఒకేలా లేకపోతే ఈ పని ఎందుకు ఒప్పుకోవో చెబితే అది నీ పని బల్ల. "ఈ చొక్కాని మీరైతే పారేస్తారా?" అని స్టోరీలో ఓ పోల్, అది ఎలాగూ 24 గంటల్లో పోతుంది. ఒక్క చొక్కాకి ఇన్ని! నువ్వేమో ఆ చొక్కా పని అయ్యాక, ఇస్త్రీ చేసి మడతపెట్టిన ఫొటో ఒక్కటి పెట్టి ఊరుకున్నావు.

అందుకే పని మొదలుపెట్టకముందే ఫోన్ స్టాండ్‌కి బిగించుకో తల్లీ. కుట్లు విప్పేశాక మళ్లీ విప్పుతూ తియ్యడం కుదరదు. అన్నిటికీ అక్కర్లేదు, వారంలో వచ్చిన పనుల్లో చెప్పుకోదగ్గది ఒకటి ఎంచుకుని దాన్ని మొదటినుంచీ చివరిదాకా తీసి పెట్టుకో. కస్టమర్‌ని ముందే అడుగు, బట్ట వాళ్లది, కథ కూడా వాళ్లదే. కాదంటే వదిలెయ్.

ఎన్ని పెట్టాలి అన్నదాని మీద నా మాట విను, రోజూ వద్దు. వారానికి రెండు చాలు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి అనుకో. నాలుగు శీర్షికలు వంతులవారీగా తిరిగితే ఒక్కోటి రెండు వారాలకోసారి వస్తుంది. మిషన్ పాడైనా, జ్వరమొచ్చినా, పెళ్లిళ్ల ఆర్డర్లు మీద పడ్డా తప్పకుండా నిలబెట్టుకోగలిగేంతే మాటివ్వాలి. రోజూ పెడతానని పదిరోజులు పెట్టి నెల రోజులు మాయమైపోతే చూసేవాళ్లు మర్చిపోవడం ఒక ఎత్తు, నీకే నీ మీద నమ్మకం పోవడం ఇంకో ఎత్తు. నాకు ఆ రెండోదే ఎక్కువ బాధ.

తీసే రోజు తియ్యి, రాసే రోజు రాయి, రెండూ కలపకు. ఓ ఆదివారం కూర్చుని నాలుగు పోస్టులకి క్యాప్షన్లు రాసేసి షెడ్యూల్ చేస్తే రెండు వారాలు నిశ్చింత. ఇన్‌స్టాగ్రామ్‌లోనే షెడ్యూల్ పెట్టుకోవచ్చు, ఫేస్‌బుక్‌లో కూడా వెళ్లాలంటే మెటా బిజినెస్ సూట్ ఉంది, డబ్బులేం కట్టక్కర్లేదు. మా ఆఫీసులో ఎప్పుడూ ఏదో ఒక వ్యాసం సొరుగులో సిద్ధంగా ఉండేది, ఎవరైనా చివరి నిమిషంలో చేతులెత్తేస్తే అది వేసేవాళ్లం. నువ్వూ ఎప్పటికీ పాతబడని పోస్టులు కొన్ని డ్రాఫ్ట్‌లో పెట్టుకో, గుండీ కుట్టడం లాంటివి. అలాగని అన్నీ ముందే బిగించేసి మర్చిపోకు. ఊళ్లో ఏదైనా ఘోరం జరిగి అందరూ ఏడుస్తున్న రోజున నీ పేజీలో నవ్వుతూ జిప్పు రీల్ వచ్చిందంటే బాగోదు, అలాంటప్పుడు షెడ్యూల్ ఆపెయ్యాలి.

క్యాప్షన్ మొదటి వాక్యం మీద కాస్త మనసు పెట్టు, "మోర్" నొక్కకముందు కనిపించేది ఆ ముక్కే. "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలెట్టకుండా నేరుగా విషయంలోకి పో. వీడియోలో నువ్వు మాట్లాడే మాటలు తెర మీద అక్షరాల్లో కూడా రావాలి, బస్సులోనో ఆఫీసులోనో సౌండ్ లేకుండా చూసేవాళ్లు బోలెడుమంది, వినపడనివాళ్లూ ఉంటారు.

ట్రెండింగ్ పాటలు, డ్యాన్సులు మానెయ్యమని నేను అనను. నీ నాలుగు శీర్షికల్లో ఏదో ఒకదానికి పనికొస్తే వాడు, రాకపోతే వదిలెయ్. ఆ దినం ఈ దినం అని ప్రతి ప్రత్యేక దినానికీ శుభాకాంక్షలు మాత్రం ఆపెయ్ అమ్మా, అవి అందరి పేజీల్లోనూ ఉన్నాయి.

లైకుల దగ్గర మనసు పాడుచేసుకోకు. ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, అది చూడు. ఒకరు తన స్నేహితురాలికి నీ రీల్ పంపారంటే ఆ విషయం నిజంగా పనికొచ్చిందన్నమాట. వీడియో ఏ సెకను దగ్గర వదిలేసి వెళ్లిపోతున్నారో కూడా చూపిస్తారుగా, అందరూ మొదట్లోనే పోతుంటే నువ్వు అసలు సంగతికి రావడానికి ఆలస్యం చేస్తున్నావన్నమాట. లెక్క మాత్రం పోస్టు పోస్టుకీ వెయ్యకు. నెలాఖరుకి శీర్షికలవారీగా చూడు, మూడు నెలలయ్యాక గానీ ఏదీ తీసెయ్యకు. ఒక పోస్ట్ పడుకుందని శీర్షికే మార్చేస్తే అలవాటుపడ్డవాళ్లు ఏం కావాలి? మూడు నెలల తర్వాత కూడా ఎవరూ ఒక్క ప్రశ్నా అడగని శీర్షిక ఉంటే అప్పుడు నిస్సంకోచంగా మార్చు.

ఇంకో సంగతి. ఈ యాప్‌లు ఎప్పుడు ఎలా మారతాయో మన చేతుల్లో లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకప్పుడు పోస్టులు పెట్టిన టైము వరసలోనే కనిపించేవి, 2016లో అది పోయి వాళ్ల లెక్క ప్రకారం చూపించడం మొదలైంది. 2020లో రీల్స్ వచ్చాయి. ఆరు సెకన్ల వీడియోల వైన్ అనే యాప్‌ని 2017లో ఏకంగా మూసేశారు, దాన్నే నమ్ముకుని పేరు తెచ్చుకున్నవాళ్లంతా వేరే చోట మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కాలర్ ఎందుకు అరుగుతుందో నీకు తెలిసింది మాత్రం ఏ యాప్‌లోనైనా పనికొస్తుంది. అందుకే ఒరిజినల్ వీడియోలు, ఫొటోలు, రాసిన క్యాప్షన్లు అన్నీ యాప్‌లోనే వదిలెయ్యకుండా బయట ఓ హార్డ్ డిస్క్‌లో శీర్షికకో ఫోల్డర్ పెట్టి దాచుకో.

ఈ వారం కొత్తగా ఏమీ పోస్ట్ చెయ్యకపోయినా పర్లేదు. మెసేజుల్లోంచి ప్రశ్నలు ఏరి, నాలుగు శీర్షికల కింద ఇరవయ్యేసి విషయాలు రాసి నాకు ఫొటో తీసి పంపు, ఏవి మొదటి నెలకి పెట్టాలో కలిసి చూద్దాం. ఆ స్వెటర్ అతుకు రీల్‌ని మాత్రం ఇవాళే పేజీలో పైన పిన్ చెయ్యి.

అమ్మ