అంబాసిడర్‌కి ఆ సస్పెన్షన్ కిట్ ఇక బిగించం: మా కస్టమర్లకు నాలుగు మాటలు

సిరిమానోత్సవం నాటికి కొత్త ఫ్రంట్ సస్పెన్షన్‌తో బండ్లు చేతికిస్తానని మాటిచ్చాను. ఇవ్వలేను. కిట్లు వెనక్కి పంపేశాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాయడం నయం అనిపించింది. ఈలోపు మా విజయనగరం గంటస్తంభం దగ్గర టీకొట్లో "పని చేతకాక చేతులెత్తేశాడు" అని ఒక కథ తిరుగుతోందట. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

అంబాసిడర్‌కి ముందువైపు కాయిల్ స్ప్రింగులు ఉండవు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన డిజైన్ అది. చక్రాన్ని పట్టుకుని ఉండే కింది చెయ్యి, అంటే లోయర్ ఆర్మ్ నుంచి ఒక పొడవాటి స్టీలు రాడ్డు ఫ్లోరు కింద వెనక్కి వెళ్ళి బిగుసుకుని ఉంటుంది. చక్రం పైకి లేస్తే ఆ రాడ్డు మెలితిరుగుతుంది. అదే టోర్షన్ బార్, అదే స్ప్రింగు. ఏళ్ళు గడిచేసరికి రాడ్డు నీరసపడి బండి ముక్కు కిందికి దిగుతుంది, కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షులు అరిగి స్టీరింగ్ వణుకుతుంది. ఆ రాడ్లు తీసేసి, చక్రం పక్కన కాయిల్ స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన యూనిట్ నిలబెట్టి, కొత్త ఆర్ములు వేసేదే ఈ కిట్. ఎత్తు సర్దుకోవచ్చు, కుదుపు తగ్గుతుంది. చూసి నాకూ ఆశ పుట్టింది.

పెట్టె విప్పాక వెల్డింగ్ చూస్తే ముచ్చటేసింది, చేప పొలుసుల్లా వరసగా ఉంది. బండికి పెట్టి చూస్తే ఎడమ ఆర్ము సరిపోయింది, కుడిది కూర్చోలేదు. బోల్టు రంధ్రం నుంచి రంధ్రానికి కొలిస్తే కుడిది నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ. ఆర్ములో అంత తేడా ఉంటే రెండు చక్రాల క్యాంబర్, అంటే చక్రం నిలువుగా ఒరిగే కోణం, కలవదు, బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు లోపలి అంచు తినేస్తుంది. సప్లయర్‌కి చెబితే "షిమ్ములు వేసి సర్దుకోండి" అన్నాడు, అంటే సందులో పలచటి రేకుముక్కలు పెట్టుకోమని. గట్టిగా అడిగితే వేరే జత పంపాడు. ఈసారి కొలతలు కలిశాయి. కానీ నాకు అప్పటికే అనుమానం పట్టుకుంది. వెల్డింగ్ మీద పగుళ్ళు పట్టిచ్చే ఎర్ర డై కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. ఆ తెల్లదనంలోంచి, బ్రాకెట్ మూల దగ్గర, వెంట్రుకంత ఎర్ర గీత పైకి తేలింది. "ఇదేటండి బాబూ, ఇలగుంది" అన్నాడు మా కుర్రాడు. రెండో ఆర్ము మీదా అదే చోట అదే గీత.

ఫోటో తీసి సప్లయర్‌కి పంపితే "అది గీతే, పగులు కాదు" అని జవాబు. డై లోపలికి దిగిందంటేనే అక్కడ సందు ఉన్నట్టు, ఇందులో వాదించడానికేముంది? ఆ తర్వాత ఆయనన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది: "పెద్ద ఊళ్ళవాళ్ళెవరూ అడగలేదు, మీ విజయనగరంలో దీన్ని బిగించడం తెలిసినవాళ్ళున్నారా?" అయ్యా, ఇక్కడికి దగ్గర్లోనే సాలూరు ఉంది. లోడు లారీలు ఘాట్ ఎక్కి దిగే ఊరు. నేను పానా పట్టింది అక్కడే. ముందు ఆర్ము ఊడితే ఏమవుతుందో ఫోటోల్లో చూసి నేర్చుకోలేదు. డబ్బు కొంత తిరిగొచ్చింది, రానుపోను ట్రాన్స్‌పోర్టు మాత్రం నా నెత్తినే పడింది. అది మీ బిల్లులో వేయను.

ఇంకో కంపెనీ కిట్ తెప్పించవచ్చు కదా అని అడుగుతున్నారు. తెప్పించను. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. టోర్షన్ బార్ ఆ బరువుని ఫ్లోరు కిందికి పంపుతుంది. కాయిల్ పెడితే అదే బరువు మడ్‌గార్డు లోపలి రేకు మీద పడుతుంది. ఆ రేకు అందుకోసం చేసింది కాదు. కోసి, ప్లేట్లు వెల్డ్ చేసి బలపరచాలి. అలా చేస్తే 2021 వింటేజ్ రూల్సు అడ్డొస్తాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉన్న బండికే 'వీఏ' నంబరు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కాబట్టి పాత టోర్షన్ బార్లనే బాగుచేస్తాను. ఎడమ రాడ్డు ఎడమకే, కుడిది కుడికే. ఏళ్ళ తరబడి ఒకే వైపు మెలితిరిగిన రాడ్డుని రెండో పక్కకి వేయకూడదు. కొత్త రబ్బరు బుష్షుల బోల్టులు బండి జాకీ మీద ఉండగా బిగించం. చక్రాలు నేలమీద ఆని, బరువు పడ్డాకే ఆఖరు బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం బ్రేకుల సంగతి. డ్రమ్ము ఉంచాలా, డిస్కు వేయాలా?

డ్రమ్ముని తక్కువ చేసి మాట్లాడను. తిరిగే డ్రమ్మే, లోపల దానికి ఆని ఆపే ముందు షూని తనవైపు లాక్కుంటుంది కాబట్టి తొక్కుడికి బలం కలిపే సర్వో లేకపోయినా పెడల్ తేలిగ్గా ఉంటుంది. ఊళ్ళో తిరిగే బండికి అది చాలు. కానీ కోరాపుట్ నుంచి సాలూరు వైపు ఘాట్ దిగేటప్పుడు, అనంతగిరి నుంచి ఎస్.కోట దిగేటప్పుడు డ్రమ్ము కాగి షూలకి దూరంగా వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తగ్గుతుంది, పెడల్ లోపలికి పోతుంది. డిస్కుకి ఆ గొడవ తక్కువ, గాలికి త్వరగా చల్లారుతుంది. కానీ దానికి డ్రమ్ములా సొంత సాయం లేదు, ఒత్తిడి ఎక్కువ కావాలి, అంటే సర్వో కావాలి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని బ్రేకులకి నెట్టేది మాస్టర్ సిలిండర్. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్లో లైనులో కొంచెం ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కులు తగిలిస్తే ప్యాడ్లు రుద్దుకుంటూనే ఉంటాయి. ఎక్కడో సగం పని చేయించుకుని, చక్రాలు పట్టేసి నా దగ్గరకి వచ్చిన బండ్లున్నాయి.

చాలా తర్జనభర్జన పడ్డాక తేల్చుకున్నాను. ఘాట్ రోడ్లకి వెళ్ళే బండికి తర్వాతి కాలపు అంబాసిడర్లలో కంపెనీయే వాడిన డిస్కులు, సర్వో, వాటికి సరిపడే రెండు గదుల మాస్టర్ సిలిండర్, మొత్తం సెట్టుగా వేస్తాను. పాత సింగిల్ లైనులో ఒక్క చోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అందుకే మాస్టర్ సిలిండర్ వద్దు, డిస్కులు మాత్రం చాలు అంటే చేయను. ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి కాగితం తెచ్చుకోవాలి. వింటేజ్ నంబరు కావాలన్నవాళ్ళకీ, ఊరు దాటనివాళ్ళకీ డ్రమ్ములే. ఈ మాట నచ్చక ఒక పాత కస్టమర్ బండిని వైజాగ్ తీసుకెళ్ళిపోయారు. మా గ్యారేజీ తెరిచినప్పటి నుంచి వస్తున్న మనిషి, బాధగానే ఉంది. మళ్ళీ వస్తే పనిచేసి పెడతాను, కానీ అప్పుడూ ఇదే మాట చెబుతాను.

బ్రేక్ ఆయిల్ అందరికీ డాట్ 4 రకం పోస్తున్నాను. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో ఉండే బండ్లవాళ్ళు ఆయిల్ మార్చడం రెండేళ్ళు దాటనివ్వకండి.

అడ్వాన్సు వెనక్కి కావాలంటే ఫోన్ చేసి చెప్పండి, ఆ రోజే పంపేస్తాను. టోర్షన్ బార్ పనికి సర్దుకుంటామన్నా సరే, మిగిలింది తిరిగిస్తాను. పండగకి బండి తప్పనిసరి అన్నవాళ్ళకి బ్రేకులు మాత్రం ముందు పూర్తిచేస్తాను, సస్పెన్షన్ దీపావళి తర్వాతే. షెడ్డు బయట వానకి తడుస్తున్న క్రీమ్ రంగు బండి తాలూకువాళ్ళు దయచేసి వచ్చి తీసుకెళ్ళండి. దాని పని ఎప్పుడో అయిపోయింది, నాకు జాగా కావాలి.