మైనర్ గర్భం గురించి పోలీసులకు పేరు లేకుండా రాసే దారి తెరవండి: కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రికి ఒక గైనకాలజిస్టు బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఓపీలో నా ఎదురుగా కూర్చున్న ఒక తల్లి గురించి మీకు చెప్పాలి. పక్కన 17 ఏళ్ల కూతురు. స్కాన్‌లో 9 వారాల గర్భం. ఆ తల్లి రిపోర్టును నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని, "పేరు రాయకుండా అవదా డాక్టరమ్మా?" అని అడిగింది. పోలీసులకు చెప్పక తప్పదన్నాను. కూతురు ఇష్టపడ్డ అబ్బాయి మీద కేసు అవుతుందని ఆమెకు వెంటనే అర్థమైంది. "ఇంట్లో మాట్లాడుకుని వస్తాం" అని లేచారు.

ఎనిమిదో రోజు రాత్రి ఆ పిల్లను క్యాజువాలిటీకి మోసుకొచ్చారు. ఎవరో ఇచ్చిన మాత్రలు మింగింది. రక్తం ఆగడం లేదు. పిల్ల బతికింది, కానీ ఆ రోజు ఓపీలో నేను సగమే చెప్పానన్న బాధ నన్ను వదల్లేదు.

అబార్షన్‌కి చట్టం అడ్డు లేదు. అబార్షన్‌ను అనుమతించే 1971 ఎంటీపీ చట్టం ప్రకారం, 2021 సవరణ తర్వాత, 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, మైనర్ అయితే గార్డియన్ సంతకం కావాలి. చిక్కంతా పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సోతో. 18 నిండని పిల్లతో శారీరక సంబంధం, ఆమె ఇష్టపడినా నేరమే. సెక్షన్ 19 కింద మేం సమాచారం ఇవ్వాలి, ఇవ్వకపోతే 6 నెలల దాకా జైలు. ఇంకోపక్క ఎంటీపీ చట్టమేమో, చట్టం అధికారమిచ్చిన వాళ్లకు తప్ప ఆమె వివరాలు ఎవరికి చెప్పినా ఏడాది దాకా జైలంటుంది.

ఈ ముడిని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న విప్పింది. మైనర్, ఆమె గార్డియన్ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టర్ ఆమె పేరు, వివరాలు రాయనక్కర్లేదంది. ఆ తల్లికి నేను చెప్పని సగం ఇదే. తెలియక కాదు, ధైర్యం చాలక. అంతకుముందు ఒకసారి అలాగే పంపితే స్టేషన్ నుంచి ఫోన్: "పేరు లేకుండా కేసు ఎలా కడతాం మేడమ్? రేపు వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వండి." తీర్పు కాపీ చూపిస్తే, మాకు పైనుంచి ఆర్డర్ లేదన్నారు. ఆ టెన్షన్ మళ్లీ పడలేక నోరు కట్టేసుకున్నాను.

సమాచారం ఇవ్వడమే తీసేయమని నేను అడగడం లేదు. ఇంట్లోవాళ్లే పాడుచేసిన పిల్లల్ని కూడా చూశాను, అక్కడ కేసు కావాల్సిందే. అడిగేది ఒక్కటే. హోం శాఖతో మాట్లాడి, పేరు లేని సమాచారాన్ని తీసుకోవాలని ప్రతి స్టేషన్‌కూ రాతపూర్వకంగా ఆదేశం వెళ్లేలా చూడండి. దానికో నమూనా ఫారం తెలుగులోనూ అచ్చువేయించి మా ఓపీలకు పంపండి. ఆ ఫారంలో పేరు గడి ఉండకూడదు. ఇంకో తల్లి వచ్చి అదే మాట అడిగితే, దాన్ని ఆమె చేతికిచ్చి చదివిస్తాను.

ఇట్లు,
ఒక గైనకాలజిస్టు