ఏ జాన్సన్? ఏ కిమ్? ఏ లీ?

సంపాదకులకు నమస్కారం.

ఒకే ఇంటిపేరున్న ప్రముఖుల గురించి రాసేటప్పుడు సొంతపేరు వదిలేసి ఇంటిపేరు ఒక్కటే అచ్చువేసే అలవాటు మన పత్రికల్లో, ముఖ్యంగా విదేశీ వార్తల పేజీలోనూ క్రీడల పేజీలోనూ, బాగా పాతుకుపోయింది. మీ పత్రికా దీనికి మినహాయింపు కాదు. ఇది ఉపసంపాదకుల బల్ల దగ్గర తేలిపోవలసిన చిన్న విషయంలా కనిపించవచ్చు గానీ, దానివల్ల పాఠకుడు ఒకరి పనిని మరొకరి ఖాతాలో వేసుకుంటాడని నాకు అనుభవంలో తెలిసింది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

1996లో నేను ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నప్పుడు పాఠశాల గోడపత్రిక నా బాధ్యత. అట్లాంటా ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకు తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు రెండు కాగితాల వ్యాసం తెచ్చి ఇచ్చాడు. 1988లో సియోల్‌లో నూరు మీటర్ల పరుగు గెలిచి, నిషిద్ధ ఔషధం వాడినట్టు తేలడంతో పతకం పోగొట్టుకున్న జాన్సన్, ఎనిమిదేళ్లు పట్టుదలగా సాధన చేసి, అట్లాంటాలో 200, 400 మీటర్ల పరుగుల్లో రెండు స్వర్ణాలు గెలుచుకుని మచ్చ తుడిచేసుకున్నాడన్నది దాని సారాంశం. దస్తూరీ ముత్యాల్లా ఉంది, కథనం ఊపిరి బిగబట్టి చదివించేలా ఉంది, విషయం మాత్రం పూర్తిగా అబద్ధం. సియోల్‌లో పతకం పోగొట్టుకున్నది కెనడాకు చెందిన బెన్ జాన్సన్. అట్లాంటాలో రెండు స్వర్ణాలు గెలిచి, 200 మీటర్లను 19.32 సెకన్లలో ముగించినది అమెరికాకు చెందిన మైకేల్ జాన్సన్. వారిద్దరి దేశం ఒకటి కాదు, పరుగెత్తే దూరాలు ఒకటి కావు, చుట్టరికం అసలే లేదు.

ఎక్కడ చదివావని అడిగితే ఆ పిల్లవాడు రెండు కత్తిరింపులు తెచ్చి చూపించాడు. పాతది వాళ్ల అన్నయ్య నోటుపుస్తకంలో అంటించుకున్నది, కొత్తది వాడే దాచుకున్నది. రెండింటి శీర్షికల్లోనూ ‘జాన్సన్’ అనే ఉంది. పాతదాంట్లో ‘బెన్’ అన్న మాట మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు. కొత్తదాంట్లో ‘మైకేల్’ నాలుగో పేరాలో ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ కత్తెర పడిన అంచున సగం తెగిపోయి ‘కేల్’ మాత్రమే మిగిలింది. కాగితం పైన ఎర్ర సిరాతో ‘ఏ జాన్సన్?’ అని రాశాను గానీ, నిజానికి ఆ ప్రశ్న వేయవలసింది వాడికి కాదు. ఏ నిషిద్ధ ఔషధ పరీక్షలోనూ పట్టుబడని క్రీడాకారుడికి వేరొకరి మచ్చ అంటించింది పేరు పూర్తిగా రాయని పత్రికే.

జాన్సన్ అన్న ఇంటిపేరు చరిత్రలో ఇంతకన్నా విచిత్రమైన తికమకలు పెట్టగలదు. ఈ పేరుతో అమెరికాకు ఇద్దరు అధ్యక్షులు ఉన్నారు. 1808లో పుట్టిన ఆండ్రూ జాన్సన్, 1908లో పుట్టిన లిండన్ జాన్సన్ ఇద్దరూ ఉపాధ్యక్షులుగా ఉండగానే అధ్యక్షుడు హత్యకు గురికావడంతో ఆ పదవిలోకి వచ్చారు. 1865లో లింకన్ స్థానంలో మొదటివారు, 1963లో కెనెడీ స్థానంలో రెండోవారు అధ్యక్షులయ్యారు. ఇంతవరకు పోలిక ఎంత దగ్గరగా ఉందో, వారి పాలనలో తేడా అంత దూరంగా ఉంది. 1866లో పౌరహక్కుల బిల్లును ఆండ్రూ జాన్సన్ తిప్పిపంపగా, అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఆయన కాదన్నదాన్ని తోసిపుచ్చి దాన్ని చట్టం చేసింది. 1964లో పౌరహక్కుల చట్టంపై సంతకం చేసినది లిండన్ జాన్సన్. ‘పౌరహక్కులు – జాన్సన్’ అని ఎవరైనా వ్యాసానికి పేరు పెడితే అది ఎవరి గురించో, పొగడ్తో తెగడ్తో, చదివితే గానీ తెలియదు.

ఈ సమస్య అన్ని భాషల్లోనూ ఉన్నదే కదా అని మీరు అనవచ్చు. ఉన్నమాట నిజమే గానీ, తెలుగులో దానికి రెండు అదనపు చిక్కులు ఉన్నాయి. మొదటిది మన క్రియాపదం. ‘అన్నాడు’, ‘అన్నది’ అని రాస్తే మగవారో ఆడవారో తెలుస్తుంది. ప్రముఖుల విషయంలో మర్యాద కోసం మనం ‘అన్నారు’ అని రాస్తాం, రాయాలి కూడా. కానీ ఆ ‘అన్నారు’లో ఆ భేదం మాయమవుతుంది. 2016లో హిల్లరీ క్లింటన్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆమె భర్త, మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ కూడా ప్రచార సభల్లో ప్రసంగించారు. ‘ట్రంప్‌కు ఆ అర్హత లేదని క్లింటన్ అన్నారు’ అని ఒక వాక్యం కనిపిస్తే, ఇంగ్లిష్ పాఠకుడికి తరువాతి వాక్యంలో సర్వనామం చెప్పే విషయాన్ని మన పాఠకుడికి చెప్పేవారు ఎవరు? మన మర్యాద వాచకాన్ని వదులుకోనక్కర లేదు; సొంతపేరు రాస్తే చాలు.

రెండోది మన లిపి. రోమన్ లిపిలో వేర్వేరుగా కనిపించే పేర్లు తెలుగులోకి వచ్చేసరికి ఒకటైపోతాయి. క్లార్క్ అన్న పేరును ఇంగ్లిష్‌లో చివర ఒక అక్షరం ఉంచి కొందరు, తీసేసి కొందరు రాసుకుంటారు. న్యూజిలాండ్ మాజీ ప్రధాని హెలెన్ క్లార్క్, ఆస్ట్రేలియా క్రికెట్ మాజీ కెప్టెన్ మైకేల్ క్లార్క్ అక్కడ వేరు, మన దగ్గర ఒకటే. ఇక ‘లీ’ సంగతి చూడండి. చైనాలో 2013 మార్చి నుంచి పదేళ్లు లీ కచియాంగ్ ప్రధానిగా ఉన్నారు, ఆయన తరువాత వచ్చినవారు లీ చియాంగ్. సింగపూర్‌లో 2004 నుంచి 2024 మే వరకు ప్రధానిగా ఉన్నది లీ సియెన్ లూంగ్, ఆయన తండ్రి, తొలి ప్రధాని లీ క్వాన్ యూ. అంటే 2013 నుంచి పదకొండేళ్లకు పైగా ‘ప్రధాని లీ’ అన్న మాటకు ఆసియాలో ఏ రోజు చూసినా ఇద్దరు హక్కుదారులు ఉన్నారు. ఇంగ్లిష్ పత్రికల్లో రాతలో కాస్త తేడా వల్ల ఆ ఇద్దరూ వేరుపడ్డారు, మన పేజీలో ఒకే గుణింతంలో ఒదిగిపోయారు. ఎవరి దేశం ఏదో డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరిపేరు, తేదీ) చూసి ఊహించుకోవాలి, డేట్‌లైన్ మూడో నగరానిదైతే ఆ ఆసరా కూడా ఉండదు.

ఆయా దేశాలవారు తమలో తాము ఏం చేస్తున్నారో చూస్తే మనకు దారి దొరుకుతుంది. దక్షిణ కొరియాలో ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరి ఇంటిపేరు కిమ్. 1987 డిసెంబరు అధ్యక్ష ఎన్నికల్లో కిమ్ యంగ్-సామ్, కిమ్ డే-జంగ్, కిమ్ జాంగ్-పిల్ ముగ్గురూ పోటీపడి ఓట్లు పంచుకోగా, ఇంటిపేరు కిమ్ కాని రో తే-వూ గెలిచారు. 2000 జూన్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ డే-జంగ్ ప్యాంగ్యాంగ్ వెళ్లి ఉత్తర కొరియా నేత కిమ్ జాంగ్-ఇల్‌ను కలిశారు. ఆ వార్తను ఇంటిపేర్లతో మాత్రమే రాయబోతే ‘కిమ్‌కు కిమ్ స్వాగతం’ అని వస్తుంది. అక్కడివారికి ఈ ఇబ్బంది లేదు, వారు మూడు అక్షరాల పేరు మొత్తం పలుకుతారు, లేదా పదవితో కలిపి చెబుతారు. వియత్నాంలో న్గుయెన్ అన్న ఇంటిపేరు ఇంకా ఎక్కువ మందికి ఉంది. అందుకే అక్కడ ఎంత పెద్దవారినైనా సాధారణంగా చివర వచ్చే సొంతపేరుతోనే పిలుస్తారు. 1967లో దక్షిణ వియత్నాంలో కలిసి పోటీచేసి గెలిచిన అధ్యక్ష, ఉపాధ్యక్షులు న్గుయెన్ వాన్ థియూ, న్గుయెన్ కావో కీ. ప్రపంచ పత్రికలన్నీ వారిని థియూ, కీ అనే రాశాయి. ఆ సొంతపేర్లే అప్పుడు పనికివచ్చాయి.

ఇంటిపేరు ఒక్కటే కనిపించినప్పుడు పాఠకుడు చేసే రెండో పొరపాటు చుట్టరికం కలపడం. ఇందిరా గాంధీకి మహాత్ముడు తాతగారని నమ్మేవారు విదేశాల్లో ఈనాటికీ ఉన్నారు. ఆమె ఇంటిపేరు 1942లో పెళ్లాడిన ఫిరోజ్ గాంధీ నుంచి వచ్చింది, ఆయన పార్సీ, మహాత్ముడి కుటుంబంతో ఆయనకు బంధుత్వం లేదు. హిందీ తెరపై ముప్పై ఏళ్లకు పైగా వెలుగుతున్న ఆమిర్, షారుఖ్, సల్మాన్ ఖాన్‌లు ముగ్గురూ 1965లోనే పుట్టారు, ముగ్గురూ ఖాన్‌లే, అయినా ఎవరికి ఎవరూ ఏమీ కారు. ఇందుకు విరుద్ధంగా, చుట్టరికం నిజంగా ఉన్నచోట దాన్ని సరిగ్గా చెప్పకపోవడం కూడా పొరపాటే. అమెరికా అధ్యక్షులు థియోడోర్ రూజ్వెల్ట్, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ తండ్రీకొడుకులు కారు, దూరపు దాయాదులు. కానీ ఫ్రాంక్లిన్ భార్య ఎలినార్ థియోడోర్‌కు సొంత తమ్ముడి కూతురు, అందువల్ల పెళ్లికి ముందూ తరువాతా ఆమె ఇంటిపేరు రూజ్వెల్టే. ఇంగ్లిష్‌లో ‘నీస్’ అని ఒక్క మాటతో సరిపెట్టే ఆ సంబంధాన్ని అన్న కూతురో తమ్ముడి కూతురో తేల్చి రాయగల భాష మనది. అటువంటి భాషలో ‘రూజ్వెల్ట్ బంధువు’ అని వదిలేయడం నాకు నచ్చదు.

శీర్షికలో చోటు చాలదన్న సమాధానం నేను లోగడ విన్నాను. దయచేసి ఒకసారి అక్షరాలు లెక్కపెట్టి చూడండి. క్లింటన్ కన్నా హిల్లరీ పొడవేమీ కాదు. బ్రిటన్ మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ వార్తలో జాన్సన్ పట్టే చోటులో బోరిస్ పడుతుంది. విలియమ్స్ కన్నా సెరీనా, వీనస్ పొట్టివి. ఆ అక్కాచెల్లెళ్లు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనళ్లలో తొమ్మిదిసార్లు ఎదురుపడ్డారు, సెరీనా ఏడు గెలిచింది, అక్క వీనస్ రెండు గెలిచింది. ఆ తొమ్మిది వార్తల్లో దేనికీ ‘విలియమ్స్ విజయం’ అన్న శీర్షిక అక్కరకు రాదు. (అక్కాచెల్లెళ్లు అలా ఫైనల్లో తలపడడం 1884 వింబుల్డన్ తరువాత 2001 అమెరికా ఓపెన్‌లోనే జరిగింది. ఆనాటి ఇద్దరి ఇంటిపేరు వాట్సన్. గెలిచింది మాడ్, ఓడింది ఆమె అక్క లిలియన్.) చోటు మిగలనప్పుడు పొదుపు చేయవలసింది విశేషణాల దగ్గర. ‘సంచలన’, ‘ఘన’ అన్న మాటల్లో ఒకటి తీసేస్తే ఒక మనిషి సొంతపేరు హాయిగా ఇముడుతుంది.

ఆడవారిని సొంతపేరుతోనూ మగవారిని ఇంటిపేరుతోనూ రాయడం చిన్నచూపు అవుతుందన్న విమర్శ ఒకటి ఉంది, అది న్యాయమైనదే. ‘ట్రంప్, హిల్లరీ’ అని జంటగా రాసినప్పుడు తూకం తప్పుతుంది. కాబట్టి ఒకే ఇంటిపేరున్న ఇద్దరి విషయంలో ఇద్దరికీ ఒకే పద్ధతి పాటించాలి. మొదటి ప్రస్తావనలో పూర్తిపేరు, తరువాత బిల్ అయితే బిల్, హిల్లరీ అయితే హిల్లరీ.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వార్త మొదటి వాక్యంలో పూర్తిపేరు ఉండాలి. అదే ఇంటిపేరుతో పాఠకుడికి తెలిసిన మరొకరు ఉంటే శీర్షికలో కూడా సొంతపేరే వాడాలి. బంధుత్వం ఉందని పొరబడే అవకాశం ఉన్నచోట ‘వీరు బంధువులు కారు’ అని మూడు మాటలు చేర్చాలి. ఫొటో కింద రాసే వాక్యంలో ఇంటిపేరు ఒక్కటే ఎన్నడూ ఉండకూడదు, ఎందుకంటే పాత ఫొటోల నుంచి తప్పు మనిషి బయటికి వచ్చేది ఎక్కువగా ఆ దారినే. మీ పాత సంచికలను అంతర్జాలంలో పదం ఇచ్చి వెతికే సౌకర్యం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఈమధ్య ఒక విద్యార్థికి సాయం చేయడానికి అక్కడ ‘ప్రధాని లీ’ అని వెతికితే బీజింగ్, సింగపూర్ వార్తలు కలగాపులగంగా వచ్చాయి, రెండింటినీ విడదీసేసరికి నాకు ఒక పూట పట్టింది. ఆ పాత వార్తలకు కనీసం పూర్తిపేర్లు జతచేయగలరేమో పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, మీ పత్రిక పాఠకుడు