పేరు లేని వాయుగుండమే మమ్మల్ని ముంచింది

సంపాదకుడి గారికి,

తుపాను వస్తోందంటే టీవీల్లో ముందు దాని పేరు, తర్వాత గాలి వేగం చెబుతారు. తీరానికి దూరంగా కొండ కింద ఉన్న తిరుపతివాళ్లం అది విని, ‘మనకేం కాదులే’ అనుకుంటాం.

2021 నవంబరులో మా ఊరిని ముంచినదానికి అసలు పేరే లేదు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అని పేరు పెడతారు. అది వాయుగుండంగానే పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. ఇక్కడ మాత్రం ఘాట్ రోడ్డులో కొండచరియలు పడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట లీకవుతోందని చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించారు. కపిలతీర్థంలో నీళ్లు దూకుతుంటే మేము వీడియోలు తీసుకున్నాం. ఆ నీళ్లు దిగువకే వస్తాయని తోచలేదు! రాత్రికి మా ఇంట్లో మోకాలి లోతు. బియ్యం డబ్బా మిద్దె మీదికి చేర్చాం గానీ ఇన్వర్టర్ సంగతి మర్చిపోయాం.

సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీలు దాటితే తుపాను బలపడడానికి కావలసిన వేడి దొరుకుతుంది. బంగాళాఖాతం చాలా నెలలు 28 డిగ్రీల పైనే ఉంటుంది, ఇంకా వేడెక్కుతోంది. మామూలుగా తుపాను కడలిని చిలికి, అడుగునున్న చల్లటి నీళ్లు పైకి తెచ్చి తనే నీరసిస్తుంది. వేడి లోతుకు దిగితే ఎంత చిలికినా వచ్చేది వెచ్చటి నీళ్లే. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. తుపానుల సంఖ్య పెరుగుతుందని శాస్త్రవేత్తలు గట్టిగా అనడం లేదు. వచ్చినవాటిలో బలమైనవి, కుండపోత కురిసేవి పెరుగుతాయంటున్నారు. మనకు భయం ఆ కుండపోతతోనే. తేమ నిండిన గాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేచిందంటే వాన ఇక్కడే దిగుతుంది, తుపాను గాలి లేకపోయినా సరే.

అందుకే హెచ్చరికలు గాలి లెక్కతో ఆగకూడదు. ఏ చెరువు ఎంత నిండింది, అది నిండి మొరవ ఎప్పుడు పోతుంది, నీళ్లు ఏ వీధుల్లోకి వస్తాయి అన్నవి అధికారులు ముందే చెప్పాలి. వాన మొదలయ్యాక కాలువల్లో పూడిక తీసే తంతు ఏటా చూస్తూనే ఉన్నాం.

మీకూ ఒక మనవి. జిల్లా పేజీలో రోజూ బంగారం ధర వేస్తున్నారు కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ పక్కనే మన చెరువుల నీటిమట్టం కూడా వేయండి.

- ఒక పాఠకుడు, తిరుపతి